అంకమ్మ తమ్ముడి సర్వు

జమ్మలమడుగు హైస్కూలు మైదానంలో ఆ రోజు జోనల్ ఆటల పోటీలు. అంకమ్మ ప్రొద్దుటూరు నుంచి మొదటి బస్సుకే వచ్చి, జొన్నరొట్టెల మూట ఒళ్ళో పెట్టుకుని గోడ నీడన కూర్చుంది. పదో తరగతి చదువుతున్న ఆమె తమ్ముడు చెన్నకేశవ క్రికెట్ బంతి విసిరే పోటీకి పేరిచ్చాడు. ఆ పోటీ ఏమిటో, గెలిస్తే ఏమిస్తారో ఆమెకు పట్టలేదు. ముందురోజే బడి పిల్లలతో వచ్చినవాడు రాత్రి ఏం తిన్నాడో అన్నదే ఆమె దిగులు.

మిగతా పిల్లలు విసిరిన బంతులు సున్నంతో గీసిన గీతల మధ్యే పడ్డాయి. కేశవ వంతు వచ్చింది. నాలుగడుగులు పరిగెత్తి, నడుము వెనక్కి వంచి విసిరాడు. బంతి ఆఖరి గీత దాటి, అక్కడ టేపు పట్టుకుని నిలబడిన అయ్యవార్ల తలల మీదుగా పోయి సైకిళ్ళ వరసలో పడింది. జనం మొదట నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు. టేపు చాలక ఇంకొకటి తెప్పించారు.

రొట్టె మూట విప్పుతుండగానే ఒకాయన వచ్చి అంకమ్మ ముందు నిలబడ్డాడు. ఆయన్ని చూసి ఆమె చప్పున లేచింది. ఆదెన్న. వాళ్ళ ఊరు చింతకొట్టాలను గుప్పిట్లో పెట్టుకున్న ఫక్కీరారెడ్డికి కుడిభుజం లాంటివాడు. రెడ్డి జీపు ఎక్కడుంటే ఆదెన్న అక్కడ ఉంటాడు.

"వీరన్న బామ్మర్ది గదమ్మీ వాడు?" అన్నాడు ఆదెన్న, కేశవ వైపే చూస్తూ. "బావ చెయ్యే వచ్చింది వానికి. రెడ్డికి చెప్తాలే."

అంకమ్మ చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది. ఆదెన్న మెచ్చుకునే అన్నాడు. ఆ మెప్పుకే ఆమె భయపడింది.

ఆదెన్న అటు వెళ్ళాడో లేదో, మెడలో ఈల వేసుకున్న ఇంకొకాయన వచ్చాడు. నెరసిన గడ్డం, తెల్ల బూట్లు. పేరు వలి బాషా అనీ, ప్రొద్దుటూరు కాలేజీలో ఆటల మేష్టరుననీ చెప్పుకున్నాడు.

"అమ్మా, ఈ పిల్లోడు పది పాసైనాక నా దగ్గరికి తీసుకురా. వానికి నేను టెన్నిస్ నేర్పిస్తా. ఇట్లాంటి చెయ్యి కోసం శానా ఏండ్లుగా చూస్తాండా. ఇంగెవురికీ ఇయ్యొద్దు వాన్ని."

టెన్నిస్ అంటే ఏమిటో అంకమ్మకు తెలియదు. అయినా, "ఎవురికీ ఇయ్యను సార్" గట్టిగా అంది. అంత గట్టిగా ఎందుకు అందో ఆయనకు అర్థం కాలేదు.

ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. అంకమ్మ మొగుడు వీరన్న గొర్రెలు కాసుకునేవాడు. వడిసెలతో రాయి విసిరితే మందకు అవతల ఉన్న తోడేలైనా తోక ముడవాల్సిందే. ఆ గురి చూసే ఫక్కీరారెడ్డి వాణ్ణి మంద దగ్గర్నుంచి తెచ్చి జీపు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ఎనభై మూడు ఎలక్షన్లప్పుడు ఊరి వాగు దగ్గర రెడ్డి వర్గం, ఎదుటి వర్గం ఎదురుపడ్డాయి. వీరన్న విసరబోయిన నాటుబాంబు చేతిలోనే పేలింది. మనిషి దక్కలేదు. మిగిలినదాన్ని గుడ్డలో మూటగట్టి అంకమ్మకు తెచ్చి ఇచ్చారు.

రెడ్డి మాట తప్పే మనిషి కాదు. తన పార్టీ వాళ్ళతో మాట్లాడి ఆమెకు ప్రొద్దుటూరులో మునిసిపాలిటీ బడిలో ఆయా పని ఇప్పించాడు. తల్లీదండ్రీ లేని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, మోడంపల్లెలో ఒక గది అద్దెకు తీసుకుని, ఆమె అక్కడే ఉండిపోయింది. వాడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఆ కుడిచెయ్యి చూసి ఆమె ఎన్నోసార్లు తల తిప్పుకునేది. ఆ చెయ్యి నిజంగానే బావ చెయ్యిలా ఉండేది.

కేశవ పది పాసయ్యాడు. వలి బాషా అన్న మాట ప్రకారం వాణ్ణి కాలేజీలో చేర్చుకుని, చేతికి ఒక పాత చెక్క రాకెట్ ఇచ్చాడు. కాలేజీ వెనక ఎర్రమట్టి కోర్టు ఒకటుంది. సాయంత్రం ఆఫీసర్లు వచ్చే లోపల అక్కడ ఎవరైనా ఆడుకోవచ్చు. పొద్దున్నే నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నం గీతలు వేసుకోవడం కేశవ పని. తర్వాత ఊరి బయట నాపరాళ్ళ పాలీషు కార్ఖానా గోడ దగ్గరికి పోయేవాడు. నిలువునా పేర్చిన నాపరాళ్ళకు కొట్టిన బంతి కొట్టినదానికంటే జోరుగా తిరిగొస్తుంది. ఆ గోడతో ఆడీ ఆడీ వాడి కాళ్ళు కుదిరాయి.

చెయ్యి మాత్రం ముందే కుదిరి ఉంది. బంతిని ఎడమచేత్తో పైకి ఎగరేసి, మడమలు లేపి, ఒళ్ళంతా సాగదీసి కొడితే, బంతి అవతలి గడిలో పడి లేచిన తర్వాతగానీ అటువైపు వాడు కదిలేవాడు కాదు. దాన్ని సర్వు అంటారని అంకమ్మకు వాడే చెప్పాడు.

కానీ ఆటంటే సర్వు ఒక్కటే కాదు. మొదటి పోటీకి అనంతపురం పోయి, టీ తాగినంత సేపట్లో ఓడిపోయి వచ్చాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"ఏంది జరిగింది, చెప్పురా" అంది అంకమ్మ.

"ఆరు సున్నా, ఆరు సున్నా."

"అంటే?"

వాడు నేల మీద వేలితో గీస్తూ చెప్పాడు. మొదటి పాయింటు పదహైదు, రెండోది ముప్పై, మూడోది నలభై. సున్నాను మాత్రం లవ్ అంటారు.

"లవ్ అంటే ప్రేమ గదరా?"

"ఆఁ."

"ఏమీ రానోనికి ప్రేమ ఇస్తారా? మంచోళ్ళే."

వాడికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఆ రోజు మొదలు, వాడు ఎక్కడ ఆడి వచ్చినా ఏ పాయింటు ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో అక్కకు చెప్పేవాడు. ఆమె బియ్యం ఏరుకుంటూ వినేది. కోర్టు ఎప్పుడూ చూడకుండానే ఆమెకు డ్యూస్ అంటే ఏమిటో, అడ్వాంటేజ్ ఎవరిదో తెలిసిపోయింది.

డిగ్రీలో చేరిన ఏడాది పులివెందుల నుంచి నబీ రసూల్ అనే పిల్లాడు అదే కాలేజీకి వచ్చాడు. పొట్టివాడు, చురుకైనవాడు. కేశవ వెనకనుంచి కొడితే నబీ వల దగ్గర పిల్లిలా కాచుకుని ఉండి, వచ్చిన బంతిని వచ్చినట్టే కింద పడేసేవాడు. ఇద్దరూ జోడీ కట్టాక వలి బాషా ముఖంలో వెలుగు వచ్చింది. నబీ అన్న కువైట్‌లో డ్రైవరు. తమ్ముడు అడిగితే ఒకటి కాదు, రెండు రాకెట్లు పంపించాడు. నల్లగా నిగనిగలాడే రాకెట్లు. ఒకటి తెచ్చి నబీ కేశవ చేతిలో పెట్టాడు.

"ఎందుకు నబీ, ఇంత ఖరీదుది?" అని అంకమ్మ మొహమాటపడింది.

"జోడీ అన్నాక ఒకరి చేతిలో చెక్క, ఒకరి చేతిలో ఇది బాగుండదు గదక్కా" అన్నాడు నబీ.

ఆ చలికాలంలోనే కాలేజీల పోటీలు పులివెందులలో పెట్టారు. అంకమ్మ సెలవు పెట్టి వెళ్ళింది. తమ్ముడు ఆడగా చూడటం అదే మొదలు. నబీ తల్లి మాబున్ని ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకుని, తమ బత్తాయి తోటలో కాసిన చీనీకాయలు ఒలిచి ఇస్తూ ఉంది. బస్సు కోసం కాచుకున్న వేముల రైతులు కూడా ఇదేందో చూద్దామని వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డారు. కేశవ సర్వు కొట్టినప్పుడల్లా వాళ్ళలో ఒక ముసలాయన "యాడ పడింది? యాడ పడింది?" అని పక్కవాణ్ణి అడుగుతూనే ఉన్నాడు. ఆట అయిపోయేసరికి సింగిల్స్ కప్పు కేశవకు, డబుల్స్ కప్పు ఇద్దరికీ వచ్చాయి. వేముల బస్సు మాత్రం ఎప్పుడో పోయింది. ఆ ముసలాయన పోతూ పోతూ కేశవ కుడిచెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "బాగుండాల నాయనా" అన్నాడు.

ఆ ఏడాదే యూనివర్సిటీ సింగిల్స్ కూడా గెలిచాడు. పేపర్లో చిన్న ఫోటో పడింది. బస్టాండు హోటలాయన అంకమ్మను పిలిచి చదివి వినిపించాడు. 'చింతకొట్టాలకు చెందిన చెన్నకేశవ' అని ఉంది. చింతకొట్టాల పేరు అంతకు ముందు కూడా పేపర్లో పడేది. కింద చచ్చినవాళ్ళ పేర్లు ఉండేవి. ఈసారి గెలిచినవాడి పేరు ఉంది. అంకమ్మ ఆ వాక్యం ఇంకొకసారి చదివించుకుంది.

అయితే ఆ పేపరు ఫక్కీరారెడ్డి ఇంటికి కూడా పోతుంది.

ఎనభై తొమ్మిది ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. ఊళ్ళల్లో జెండాలు లేచాయి, వాటి కింద పాత పగలు కూడా లేచాయి. ఒక సాయంత్రం మోడంపల్లె సందులో జీపు ఆగింది. ఆదెన్న దిగి లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"రెడ్డి పిల్చకరమ్మన్యాడు అబ్బిని. ఎలక్షన్ అయ్యేదంకా జీపులో ఉంటే చాలు. రెన్నెల్లు. ఆయప్పకు ఇప్పుడు శానా కష్టంగా ఉండాది. తిన్న ఇంటికి ఆ మాత్రం చేయకుంటే ఎట్లమ్మీ?"

అంకమ్మ రేపు చెప్తానని పంపించేసింది. జీపు కదిలాక కేశవ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మెల్లగా అన్నాడు.

"పోయొస్తాలేక్కా. నీ పని ఆయన ఇప్పించిందే గదా. పోకుంటే తీసేపిస్తాడు. రెన్నెల్లే గదా."

"మీ బావా రెన్నెల్లే అన్యాడు" అంది అంకమ్మ.



తెల్లవారగానే ఆమె ఒక్కతే జమ్మలమడుగు బస్సెక్కింది. ఫక్కీరారెడ్డి ఇంటి ముందు జనం గుంపులుగా ఉన్నారు. ఆమెను చూసి దారి ఇచ్చారు. వీరన్న పెండ్లాం అంటే ఆ ఇంట్లో ఎప్పుడూ గౌరవమే. రెడ్డి వరండాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె గుర్తుపెట్టుకున్న మనిషి కంటే చిక్కిపోయి ఉన్నాడు. కళ్ళ కింద నలుపు.

"అబ్బి రాలేదా?" అన్నాడు.

"రాడు సామీ."

అందరూ తన వైపు తిరిగినా, ఆమె రెడ్డితోనే చెప్పింది.

"నా మొగుని చెయ్యి నీ కోసం పోయింది. దానికి బదులు నువ్వు నాకు పని ఇప్పించినావు. నేను కాదన్లే. ఆ పనితోనే నా తమ్ముణ్ణి సాకినా. అది మరిచిపోయే దాన్ని కాదు. ఈ పొద్దుతో ఆ పని మానుకుంటాండా. ఇంగ నీకూ నాకూ ఇచ్చిపుచ్చుకునేది ఏమీ ల్యా. వాని చెయ్యి మాత్రం ఇయ్యను."

ఆదెన్న ఒకడుగు ముందుకు వేశాడు. రెడ్డి చెయ్యి ఎత్తి ఆపాడు.

"నన్ను చంపనీకి తిరుగుతాండారు అంకమ్మా. నీకు తెల్సు గదా."

"తెల్సు సామీ. నువ్వు చల్లగా ఉండాలనే మొక్కుకుంటా. కానీ నిన్ను కాపాడనీకి వాడు పుట్టలే."

 ఆమె చీర కుచ్చిళ్ళు బిగించి పట్టుకుంది. రెడ్డి నేల చూశాడు.

"అదేందో ఆట ఆడతాడంట గదా" అన్నాడు. "బాగా ఆడతాడా?"

"యూనివర్సిటీలో వానికంటే బాగా ఆడేటోడు లేడు సామీ."

ఆ మాట అనేటప్పుడు కుచ్చిళ్ళు వదిలేసింది. రెడ్డి పొమ్మన్నట్టు తల ఊపాడు. ఆదెన్న బస్టాండు దాకా వచ్చి ఆమెను బస్సు ఎక్కించాడు. 

ఆ ఎలక్షన్లలోనే రెడ్డి జీపు మీద బాంబులు పడ్డాయి. ఆయన బతికాడు. వెనక సీట్లో కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు పోయారు. ఆ కబురు విన్న రోజు అంకమ్మ పొయ్యి ముట్టించలేదు. ఆ పిల్లల తల్లులెవరో ఆమెకు తెలియదు. అయినా వాళ్ళ కోసం సాయంత్రం దాకా ఏడ్చింది.

అన్నట్టే ఆయా పని మానుకుంది. కాలేజీ గేటు పక్కన ఒక తోపుడుబండి పెట్టి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్మడం మొదలుపెట్టింది. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లిన ఆ ఉగ్గాని కోసం పిల్లలు మొదటి గంట ఎగ్గొట్టి వచ్చేవాళ్ళు. వలి బాషా రోజూ బండి దగ్గర నిలబడి తిని, తన ఆటగాళ్ళను అక్కడే వరసగా నిలబెట్టి తిట్టేవాడు. బండి దగ్గర్నుంచి చూస్తే కోర్టులో సగం కనపడుతుంది. సర్వు కొట్టే సగం. అంకమ్మకు అది చాలు.

రెండో ఏడూ యూనివర్సిటీ సింగిల్స్ కేశవదే. మూడో ఏడూ గెలిచాక వాణ్ణి యూనివర్సిటీ జట్టుకు కెప్టెన్ చేశారు. ఆ డిసెంబరులో మద్రాసులో దక్షిణ దేశపు యూనివర్సిటీలన్నిటికీ పోటీ. వీళ్ళ యూనివర్సిటీ అంతకు ముందు ఎప్పుడూ రెండో రౌండు దాటలేదు. ఈసారి ఒక్కో జట్టునూ కొట్టుకుంటూ ఫైనల్‌కు వచ్చారని వలి బాషా కాలేజీకి ఫోను చేసి చెప్పాడు. కబురు అందిన సాయంత్రమే అంకమ్మ బండి మీద గోనెపట్టా కప్పేసి ఎర్రగుంట్ల స్టేషనుకు బయలుదేరింది. పులివెందుల నుంచి మాబున్ని కూడా వచ్చింది, బురఖాలో, చేతిలో చీనీకాయల సంచితో. ఇద్దరూ మద్రాసు రైలెక్కారు.

మద్రాసు కోర్టు చూసి వాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయారు. చుట్టూ మెట్లు, మెట్ల నిండా జనం. ఎదుటి జట్టు మద్రాసు పిల్లలే. పాలరాతి బొమ్మల్లా ఉన్నారు. వాళ్ళ తల్లులు గొడుగులు పట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. అంకమ్మ, మాబున్ని పై మెట్టు మీద సర్దుకున్నారు.

రెండు సింగిల్స్, ఒక డబుల్స్. మూడింటిలో రెండు గెలిచినవాళ్ళది కప్పు. మొదటి సింగిల్స్‌లో వీళ్ళ పిల్లాడు ఓడిపోయాడు. రెండోది కేశవ గెలిచాడు. ఇక డబుల్స్ మిగిలింది. కేశవ, నబీ కోర్టులోకి దిగారు. మొదటి సెట్ మద్రాసు వాళ్ళకు, రెండో సెట్ వీళ్ళకు. మూడో సెట్‌లో వీళ్ళు ఐదు, వాళ్ళు నాలుగు. కేశవ సర్వు నిలబెట్టుకుంటే అయిపోతుంది.

"ఇప్పుడేంది అంకమ్మా? మనోళ్ళు గెలుస్తాండారా, ఓడిపోతాండారా?" మాబున్ని ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఈ ఒక్కటి కొడితే మనదే వదినా."

కేశవ మొదటి సర్వు వలకు తగిలింది. రెండోది గీత అవతల పడింది. చూస్తుండగానే పదహైదు, నలభై అయింది. మద్రాసు వాళ్ళు లేచి నిలబడి కేకలు వేశారు. కింద వలి బాషా కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నాడు.

"ఇంకొక్కటి పోతే సమానమైపోతాది" అంది అంకమ్మ.

కేశవ బంతిని నేలకు కొట్టి పట్టుకున్నాడు. మళ్ళీ కొట్టి పట్టుకున్నాడు. తొందరపడలేదు. నాపరాళ్ళ గోడ దగ్గర ఎట్లా నిలబడేవాడో అట్లాగే నిలబడ్డాడు. బంతి ఎగరేశాడు. కొట్టాడు. ఎదుటివాడు రాకెట్ కూడా కదపలేదు. ముప్పై, నలభై. మళ్ళీ కొట్టాడు. ఈసారి బంతి గీత మీద పడి సున్నం లేచింది. ఇద్దరికీ నలభై. డ్యూస్. ఇక వరసగా రెండు పాయింట్లు కొట్టినవాళ్ళదే.

తర్వాతి సర్వు వాళ్ళు ఎట్లాగో తిప్పికొట్టారు. వల దగ్గర నబీ గాలిలోకి ఎగిరి దాన్ని ఇద్దరి మధ్యా పడేశాడు. మాబున్ని బురఖా ముసుగు వెనక్కి తోసేసి లేచి నిలబడింది. వెనక ఎవరో కూర్చోమన్నారు. ఆమె వినలేదు.

"అడ్వాంటేజ్ మనది" అంది అంకమ్మ. "ఇంగొక్కటే."

కేశవ చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి ఒంటికి అతికి అట్లా ఆకాశంలోకి లేచి, ఎండలో నిండుగా కనపడటం అంకమ్మ కళ్ళారా చూసింది. బంతి ఎక్కడ పడిందో ఆమెకు తెలియదు. వేముల ముసలాయన మాదిరే ఎవర్నైనా అడగాలనిపించింది. కింద నబీ రాకెట్ పారేసి కేశవ మీదికి దూకాడు. వలి బాషా అక్కడే మట్టి మీద కూలబడిపోయాడు.

"అయిపాయనా? అయిపాయనా?" అని మాబున్ని కుదుపుతూ ఉంది.

అంకమ్మ తల ఊపింది. పక్కనున్న గొడుగు ఆవిడ అరవంలో ఏదో అడిగింది. 'ఆ పొడుగు పిల్లాడు మీవాడా' అనే అయ్యుంటుంది. అంకమ్మ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "నా తమ్ముడు" అంది.

కప్పు తీసుకుని అందరూ రైల్లో వస్తుండగా కడపలో వలి బాషా కాలేజీకి ఫోను చేసి వచ్చాడు. ముఖం నల్లబడి ఉంది. మళ్ళీ ఎలక్షన్లు వస్తాయన్న మాట అప్పటికే మొదలైంది. ఎర్రగుంట్ల స్టేషనులో రెండు పార్టీల వాళ్ళూ డప్పులతో, దండలతో కాచుకుని ఉన్నారట. ఫక్కీరారెడ్డి మనుషులు ఒకవైపు, ఎదుటి వర్గం మనుషులు ఒకవైపు. మా ఊరి బిడ్డ అని వాళ్ళు, మా నియోజకవర్గం బిడ్డ అని వీళ్ళు. ఎవరి జీపు ఎక్కినా రెండోవాళ్ళు ఊరుకోరు.

"ఏం చేద్దాం సార్?" అన్నాడు నబీ.

కేశవ అక్క వైపు చూశాడు. ఆమె ఇది వాడే చెప్పాల్సిన మాట అనుకుంది.

"ఈడే దిగుదాం సార్. మైదుకూరు మీద బస్సులో పోదాం" అన్నాడు కేశవ.

కదలబోతున్న రైల్లోంచి కప్పుతో సహా అందరూ గబగబా దిగిపోయారు. మైదుకూరు బస్సులో సీట్లు లేవు. కెప్టెన్ గారు కప్పు చంకలో పెట్టుకుని, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు అది చూసి, "ఏందప్పా అది, పెండ్లి సామానా?" అన్నాడు. నబీ సంగతి చెప్పాడు. కండక్టరు అందరికీ టిక్కెట్లు కొట్టాక వెనక్కి వచ్చి, తన సీట్లో అంకమ్మను కూర్చోబెట్టాడు. ఎర్రగుంట్లలో రైలు వచ్చిందట, ఆగిందట, పోయిందట. దండలు పట్టుకున్న రెండు గుంపులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. ఎవడో ఫక్కున నవ్వాడట. తర్వాత అందరూ డప్పులు భుజాన వేసుకుని ఇళ్ళకు పోయారట. ఆ కథ ప్రొద్దుటూరులో చాలా కాలం చెప్పుకుని నవ్వుకున్నారు.

వారం తిరక్కుండా కాలేజీలో సన్మానం పెట్టారు. ఏ పార్టీవాళ్ళనూ వేదిక మీదికి పిలవలేదు. ప్రిన్సిపాలు కేశవ గెలిచినవన్నీ చదివారు. వరసగా మూడేళ్ళు యూనివర్సిటీ సింగిల్స్, నబీతో కలిసి డబుల్స్, జట్టు కెప్టెన్, దక్షిణ మండల కప్పు, జనవరిలో అఖిల భారత పోటీలకు పిలుపు. ఒక్కొక్కటీ చదివినప్పుడల్లా పిల్లలు బల్లలు చరిచారు. చివర్న అక్కను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. అంకమ్మ మైకు ముందు నిలబడి కొంగు సర్దుకుంది.

"మావానికి చెయ్యి దేవుడిచ్చినాడు. ఆడేది సారు నేర్పించినాడు. రాకెట్ నబీ ఇచ్చినాడు. నేను వాన్ని యాడికీ పోనియ్యలే, అంతే" అంది. దిగిపోబోయి మళ్ళీ మైకు దగ్గరికి వచ్చింది. "వాడు నా తమ్ముడని చెప్పుకోవాలంటే నాకు శానా గొప్పగా ఉంటాది."

వలి బాషా చేతిరుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

అఖిల భారత పోటీల్లో వీళ్ళ జట్టు సెమీఫైనల్‌లో ఓడిపోయింది. ఓడినా, కేశవ తన సింగిల్స్ మాత్రం ఎవరికీ వదల్లేదు. అక్కడ చూసిన రైల్వే వాళ్ళు డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం ఇచ్చి గుంతకల్లుకు పిలిపించుకున్నారు. రైల్వే జట్టు తరఫున ఆడుతూ ఊరూరా తిరిగాడు, కప్పులు తెచ్చాడు. నబీ పులివెందులలో ఆటల మేష్టరు అయ్యాడు. క్వార్టర్స్ ఇచ్చినప్పుడు తనతో వచ్చి ఉండమని కేశవ అక్కను ఎంతో బతిమాలాడు.

"బండి ఎవురు చూస్తారు? పిల్లోళ్ళు ఉగ్గానికి యాడ పోతారు?" అంది అంకమ్మ.

గుంతకల్లులో వాడి ఆట ఉన్నప్పుడు మాత్రం ఆమె బండికి సెలవిచ్చి, ఎర్రగుంట్లలో రైలెక్కి వెళ్ళేది. రైల్వే కోర్టులో మెట్లు తక్కువ, జనం కూడా తక్కువే. ఆమె ఎప్పుడూ ముందు వరసలోనే కూర్చునేది. పక్కన ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి పాయింట్లు తెలియక తికమకపడితే, వాళ్ళు అడగకముందే, "ఇప్పుడు ముప్పై పదహైదు. సర్వు మాది" అని చెప్పేది.